చప్పుడు లేని డ్రమ్ములు

“మీరే కొట్టి చూడండి సార్,” అని షాపతను రెండు కర్రలు నా చేతిలో పెట్టాడు.

ఎదురుగా రెండు డ్రమ్ సెట్లు. రెండూ కరెంటువే. ఒకదానికి నల్లటి రబ్బరు ప్యాడ్లు, రెండోదానికి దోమతెరలాంటి తెల్లటి వల బిగించిన ప్యాడ్లు. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే డ్రమ్ముల మోతంతా వాయించేవాళ్ళ చెవుల్లోనే ఉండిపోతుంది. బయటికి వచ్చేది కర్ర ప్యాడ్‌కి తగిలే చప్పుడు మాత్రమే. ఆ చప్పుడు ఏ సెట్టుకి తక్కువో తేల్చుకోవడానికే మేం వచ్చాం.

రబ్బరు మీద కొట్టాను. వల మీద కొట్టాను. మళ్ళీ రబ్బరు మీద కొట్టాను.

“రెండూ ఒకటేగా,” అన్నాను.

షాపతను నావంక అదోలా చూశాడు. “ఒకటెలా అవుతాయి సార్? వల మీద చప్పుడు సగానికి సగం తక్కువ.”

“నువ్వు అమ్ముకునేవాడివి, అలాగే అంటావు. నేను లిఫ్ట్ మెకానిక్‌ని బాబూ. అదురూ చప్పుడూ నా ఉద్యోగం. వాటి సంగతి నాకు చెప్పకు.”

పక్కనున్న నా కూతురు నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. పదకొండేళ్ళ పిల్ల. ఇంట్లో అందరికీ బుడిగి.

“నాన్నా, ఇది కొంచెం టకటకమంటోంది,” అంది రబ్బరు ప్యాడ్ చూపిస్తూ.

“కొత్త రబ్బరు కదమ్మా, వాడగా వాడగా మెత్తబడుతుంది. ఆ వల చూడు, నువ్వు గట్టిగా నాలుగు వాయిస్తే చిరిగి చేతికొస్తుంది.”

షాపతను బిల్లు పుస్తకం తీశాడు. కొనేవాడు మొండికేస్తే వదిలెయ్యాలని షాపులవాళ్ళకి బాగా తెలుసు. రబ్బరు సెట్టు కట్టించుకుని బయటపడ్డాం.

ఇంత తతంగం దేనికంటే, ఇంట్లో మా పెద్దోడు మంచంలో ఉన్నాడు.

కాలేజీ పరీక్షలు అయిపోయిన సంబరంలో ఫుట్‌బాల్ ఆడుతూ, బంతి కోసం ఎగిరి, గోల్ స్తంభానికి తల కొట్టుకున్నాడు. రక్తం చుక్క రాలేదు. బొప్పి కూడా పెద్దగా కట్టలేదు. నడుచుకుంటూ ఇంటికొచ్చి, “ఓడిపోయాం,” అని మాత్రం చెప్పాడు. మర్నాడు పొద్దున వాళ్ళమ్మ వంటింట్లో గరిటె జారవిడిస్తే, పక్కగదిలో వాడు రెండు చేతులా తల పట్టుకుని ముడుచుకుపోయాడు.

స్కానింగుల్లో ఏమీ కనిపించలేదు. డాక్టరు వయసులో చిన్నదే గానీ ఓపికస్తురాలు. “మెదడు బాగా కుదుపు తింది. దానంతటది సర్దుకోవాలి. అంతవరకూ వెలుతురు పడదు. చప్పుళ్ళు పడవు, ముఖ్యంగా సూదిలా గుచ్చుకునేలాంటివి,” అంది.

“ఎన్నాళ్ళు డాక్టరుగారూ?”

“చెప్పలేం.”

“మందేమీ లేదా?”

“నొప్పికి రాస్తాను. మిగతాది ఓపిక పట్టడమే.”

చెడిపోయినదాన్ని బాగుచేసి బతికేవాణ్ణి నేను. ఏది మొరాయించినా స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని పొట్ట విప్పడమే నాకు తెలుసు. విప్పడానికి వీల్లేని చోట, చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

ఇంకోపక్క బుడిగి. దాని స్కూలు బ్యాండులో డ్రమ్స్ వాయించే కుర్రాడు చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. వేసవి సెలవులు అయ్యి స్కూలు తెరవగానే పిల్లలందరి చేతా వాయించి చూసి, ఆ చోటుకి ఒకరిని తీసుకుంటారు. తీసుకున్నవాళ్ళు చదువు పూర్తయ్యేదాకా అక్కడే ఉంటారు. అంటే, ఇప్పుడు తప్పిపోతే బుడిగికి ఆ బ్యాండులో ఇక చోటు లేదు. ఏడాదిగా నేర్చుకుంటోంది. డ్రమ్ముల మాస్టారు సెలవులకి సొంతూరెళ్తూ మా అందరికీ ఒకే ముక్క చెప్పాడు. “ఇంట్లో సెట్టు పెట్టుకుని రోజూ వాయించినవాళ్ళకే చెయ్యి తిరుగుతుంది. బల్లలు బాదుకుంటే రాదు.”

మా బుడిగి అప్పటికే బల్ల మీద, కంచం మీద, తలుపు మీద, అన్న వీపు మీద బాదేది. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఇంకొకటి. టక-టక్, టక్. తింటున్నా అదే, జడ వేయించుకుంటున్నా అదే. “నా వీపేమన్నా నీ అబ్బ సొత్తా?” అనేవాడు పెద్దోడు. “అబ్బ సొత్తే కదా,” అనేది ఇది.

వాడు మంచమెక్కాక అది చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. ఖాళీగా ఉంటే అవి ఎక్కడ కొట్టేస్తాయోనని భయం.

చూడలేక ఓరోజు, “డ్రమ్స్ సంగతి వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా,” అన్నాను.

“వచ్చే ఏడు ఏం చూస్తావు నాన్నా?” అని చీకటిగదిలోంచి పెద్దోడి గొంతు వచ్చింది. కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుని ఉన్నాడు. “చోటు ఈ ఏడేగా ఖాళీ. నా తల కోసం దాని చేతులు కట్టేస్తారా ఏంటి? కరెంటు డ్రమ్స్ ఉంటాయి, మోత బయటికి రాదు. అవి కొనండి.”

“నీకు ఇబ్బందైతేనో?”

“అయితే చెప్తాను. దెబ్బ తగిలింది తలకే గానీ నోటికి కాదుగా.”

మా ఆవిడ మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దస్తమానం జనం నొప్పులు వినే మనిషి. వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, “వాడు చెప్పడు. చెప్పే రకమైతే స్తంభానికి గుద్దుకున్నరోజే చెప్పేవాడు,” అంది. కానీ గుమ్మంలో చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డ పిల్లని చూసి, తనూ మెత్తబడింది.

అలా ఇంట్లోకి వచ్చింది రబ్బరు సెట్టు.

సెట్టు బిగించడానికి ఒకరోజు సెలవు పెట్టాను. కాలితో పెడల్ తొక్కితే పుట్టే దెబ్బ నేలలోకి దిగి, గోడల్లో పాకి, పక్కగది మంచం కోళ్ళదాకా పోతుంది. అది నాకు ముఖపరిచయం ఉన్న శత్రువే. మేడల మీద లిఫ్టు మోటార్లు బిగించేటప్పుడు మేం రోజూ పోరాడేది దాంతోనే. మోటార్ల కింద వేసే పాత రబ్బరు దిమ్మలు తెచ్చాను. దగ్గర్లోని ఆటస్థలంలో వాడి పారేసిన టెన్నిస్ బంతులు ఏరుకొచ్చాను. రెండు ప్లైవుడ్ పలకల మధ్య వాటిని వరసగా పేర్చి, పైన సెట్టు నిలబెట్టాను. నేను పలక మీదికెక్కి గెంతితే నీళ్ళల్లో పడవలా తేలింది.

కింది ఫ్లాట్లో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేది. మా ఇంట్లో కుర్చీ జరిపితే చీపురు కర్రతో తన సీలింగుని పొడిచే మనిషి. బుడిగిని పెడల్ తొక్కుతుండమని, ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగాను. “మీ ఇంట్లో పిల్లి తిరిగినంత చప్పుడు కూడా లేదు. ఇదే పని మీ కుర్చీలకి కూడా చేసిపెట్టు నాయనా,” అంది.

గాల్లో తేలుతూ పైకొచ్చాను. బుడిగిని వాయించమని, పెద్దోడి గదిలోకి వెళ్ళాను.

“ఏరా, వినపడుతోందా?”

వాడు కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. “ఏమీ లేదు నాన్నా. బ్రహ్మాండంగా చేశావు.”

గోడకి అరచెయ్యి ఆనించాను. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం అదే, చేత్తో వినమని. గోడ పట్టుకుని ఏ అంతస్తులో ఏ బేరింగు పోయిందో చెప్పేస్తానని మావాళ్ళల్లో నాకు పేరు. నా అరచేతి కింద గోడ నిద్రపోతోంది.

సాయంత్రం మా ఆవిడ రాగానే ఈ వైభవమంతా వర్ణించాను. “సరే, బుడిగి వాయించేది మధ్యాహ్నాలే. వాడు భోంచేసి పడుకునే వేళకి మొదలుపెట్టి, మేం వచ్చేసరికి ముగించెయ్యాలి. ఆదివారాలు వద్దు,” అని షరతులు పెట్టింది. ఆదివారం ఒక్కటే తనకి సెలవు. ఆ విధంగా ఆ డ్రమ్ముల చప్పుడు చేరని చెవులు ఇంట్లో ఒక్క తనవే మిగిలాయి. అప్పట్లో అది మాకు తట్టలేదు.

రోజులు హాయిగా గడిచాయని చెప్పను గానీ, గడిచాయి. బుడిగి చేతులు చంకల్లోంచి బయటికొచ్చాయి. మధ్యాహ్నం అవుతుంటే దాని కళ్ళల్లోకి వెలుగు వచ్చేది. పెద్దోడు మాత్రం రోజురోజుకీ పాలిపోతున్నాడు. తిండి సయించడం లేదు. నిద్ర లేదు. డాక్టరు చూసి, “ఈపాటికి కొంచెం తేరుకోవాలే. ఇంట్లో చప్పుళ్ళేమైనా ఉన్నాయా?” అని అడిగింది.

“అబ్బే, లేవండి,” అన్నాం నేనూ వాడూ ఒక్కసారే.

ఒకరోజు నేను పనిచేస్తున్న మేడలో కరెంటు పోయింది. సాయంత్రందాకా రాదన్నారు. సామాను సర్దుకుని మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది. చెప్పులు విడిచి, పిల్లిలా అడుగులేస్తూ పెద్దోడి గదిలోకి వెళ్ళాను.

వాడు ఉలిక్కిపడి లేవబోయాడు. “ఏంటి నాన్నా, ఇంత తొందరగా వచ్చావు?”

“కరెంటు లేదురా. చెల్లేదీ?”

“ఇంకా మొదలుపెట్టలేదు.”

“పోన్లే, నువ్వు పడుకో.”

మంచం పట్టె మీద కూర్చున్నాను. వాడు మళ్ళీ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి సందులోంచి సన్నటి వెలుతురు వాడి ముఖం మీద పడుతోంది. ఏమీ తోచక ఆ ముఖమే చూస్తూ కూర్చున్నాను. వాడి కనురెప్పలు అదురుతున్నాయి. నీరసం కాబోలనుకున్నాను. రెండుసార్లు వెంటవెంటనే అదిరాయి. కాస్త ఆగి ఇంకోసారి. మళ్ళీ రెండు, ఆగి ఒకటి. తప్పడం లేదు. రెండు, ఆగి ఒకటి.

ఆ వరస నాకు తెలుసు.

లేచి వెళ్ళి బుడిగి గది తలుపు తీశాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, కళ్ళు మూసుకుని ఒళ్ళు మరిచి వాయిస్తోంది. కర్రలు ఎత్తెత్తి వేస్తోంది. రబ్బరు మీద కర్ర పడటం కళ్ళారా చూస్తూ నిలబడ్డాను. దగ్గరికి వెళ్తే గానీ ఆ దెబ్బ నా చెవికి అందలేదు. అదీ ఎక్కడో పక్కింట్లో ఎవరో గోరుతో గీకినట్టు.

తలుపు మెల్లగా వేసేశాను.

తిరిగి వచ్చేసరికి పెద్దోడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. “దానికి చెప్పకు నాన్నా,” అన్నాడు గోడతో.

“ఎప్పట్నించిరా ఇలా?”

“మొదట్నించీ.”

“మరి నన్ను అడిగినప్పుడు చెప్పొచ్చుగా.”

“టెన్నిస్ బంతులు ఏరుకొచ్చి మరీ చేశావు. ఏం చెప్పను?”

ఆదివారాలు వద్దన్న షరతు ఆ వారానికి పక్కనబెట్టి, మా ఆవిణ్ణి పెద్దోడి గదిలో నిలబెట్టాను. వాణ్ణి బయట వరండా చివర కూర్చోబెట్టాను. బుడిగిని కాసేపు వాయించమన్నాను. మొదలుపెట్టిందో లేదో, మా ఆవిడ చెంపదెబ్బ తిన్నట్టు చూసింది.

“ఏమండీ, మీకు ఇది వినపడటం లేదా?”

“ఏది?”

“ఏదేంటి, గోడకి మేకులు దిగ్గొడుతున్నట్టుంటే.”

నేను చెవులు రిక్కించాను. గోడ పట్టుకున్నాను. ఏమీ లేదు.

తను నా దగ్గరికొచ్చి, నా ముఖంలోకి పరీక్షగా చూసింది. కోపంలోంచి ఇంకేదో వైపు జారిపోయింది తన చూపు. “ఫోను మోగుతుంటే ఎత్తరు. కుక్కరు కూతలు లెక్కపెట్టమంటే పొయ్యి ముందు బొమ్మలా నిలబడతారు. పరధ్యానం మనిషనుకున్నాను ఇన్నేళ్ళూ,” అంది.

మేడల మీద మోటార్ల గదుల్లో గడిపిన ఇన్నేళ్ళూ నా చెవుల్లోంచి ఏమేం తీసుకుపోయాయో నేను చూసుకోలేదు. బరువైన చప్పుళ్ళు వదిలేసి, సన్నటివన్నీ ఏరుకుపోయాయి. నేను తరిమేసింది నాకు వినపడే శత్రువుని. వినపడనివాణ్ణి దగ్గరుండి షాపులో ఎంచి, మోసుకొచ్చి, కొడుకు గోడ పక్కన కూర్చోబెట్టాను.

మర్నాడే షాపుకి పరిగెత్తాను.

“వల సెట్టు ఆరోజే అమ్ముడుపోయింది సార్. సరుకు మళ్ళీ స్కూళ్ళు తెరిచాకే,” అన్నాడు షాపతను. చెప్పానా అని అనలేదు. అనుంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

రబ్బరు ప్యాడ్ల మీద గుడ్డ చుట్టాను. సెట్టు దెబ్బని పట్టుకోవడం మానేసింది. హెడ్‌ఫోన్లో ఏమీ రావడం లేదంది బుడిగి. కర్రల మొనలకి స్పాంజి తొడిగాను. నాలుగు దెబ్బలకే ఊడి గది మూలకి ఎగిరింది. స్కూల్లో గది ఇమ్మని అడగబోతే గేటుకి తాళం, సెలవులు. మాస్టారికి ఫోన్ చేస్తే, “నేను ఊళ్ళో లేనండీ, గది తాళాలు నా దగ్గర ఉండవు,” అన్నాడు. పెద్దోడి చెవుల్లో దూది పెడదామంటే డాక్టరమ్మ వద్దే వద్దంది. “మూసేకొద్దీ ఇంకా సున్నితమైపోతాయి. చప్పుడు వచ్చే చోటునే దూరం చెయ్యాలి.”

చప్పుడు వచ్చే చోటు అంటే మా బుడిగి.

ఆపేద్దామని నేనంటే, మా ఆవిడ ఔనంది. మేం ఔనన్నామని తెలిసి పెద్దోడు ఆ పూట భోజనం ముట్టలేదు. “ఇప్పుడాపితే అది ఎందుకని అడుగుతుంది. నావల్లే అని తెలుస్తుంది. తల రేపోమాపో బాగవుతుంది, ఇది మాత్రం ఎప్పటికీ గుర్తుంటుంది దానికి,” అన్నాడు. “ఇంకెన్నో రోజులు లేవు. నేను ఓర్చుకుంటాను. మీరు కూడా ఓర్చుకోండి.”

“మేమెందుకురా ఓర్చుకోవడం, నొప్పి నీకైతే?” అంది వాళ్ళమ్మ.

“అదేగా చెప్తున్నాను. మీ పనే కష్టం,” అన్నాడు వాడు.

ఎవరి పక్షం వహించినా రెండోబిడ్డకి అన్యాయమే. మొగుడూ పెళ్ళాలం వంటింట్లో గుసగుసలాడుకుని, ఏదీ తేల్చుకోలేక, ఎవరి పనికి వాళ్ళం వెళ్ళిపోయేవాళ్ళం. మా చేతుల్లో మిగిలింది ఒకే ఒక్క మాట. పనికెళ్ళేముందు నేనూ, మా ఆవిడా బుడిగి గదిలోకి తొంగిచూసి అనేవాళ్ళం. “మెల్లగా వాయించుకో అమ్మా.”

“సరే నాన్నా,” అనేది బుడిగి.

ఎందుకని అడగలేదు. పిల్ల బుద్ధిమంతురాలని మురిసిపోయాను.

ఆశ్చర్యం, ఆ తర్వాత పెద్దోడు తేరుకోవడం మొదలుపెట్టాడు. భోజనం కొంచెం కొంచెం సయించింది. ఒకరోజు మధ్యాహ్నం మళ్ళీ చెప్పకుండా వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. బుడిగి వాయిస్తూనే ఉందని ముందే తలుపు తీసి చూసుకుని వచ్చాను. వాడి రెప్పలు కదలడం లేదు. నిజంగానే నిద్రపోతున్నాడు.

“తగ్గుతోందండీ,” అంది మా ఆవిడ, ఆ సాయంత్రం వాడు కిటికీ దుప్పటి కొంచెం పక్కకి జరిపి కూర్చుంటే. కళ్ళు తుడుచుకుంది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఓపిక పట్టడమంటే ఇదే కాబోలనుకున్నాను.

స్కూలు తెరిచారు. ఆ వారంలోనే పరీక్ష.

నలుగురం కలిసే బయల్దేరాం. పెద్దోడు టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. హాల్లోకి రాలేడు గనక గేటు బయట, రోడ్డుకి అవతల ఉన్న బస్సు షెల్టరులో కూర్చుంటానన్నాడు. “అక్కడికి చప్పుడు మెత్తగా వస్తుంది. అసలు డ్రమ్ముల మీద నువ్వు వాయిస్తుంటే ఒక్కసారైనా వినొద్దూ? ఇన్నాళ్ళూ నీ హెడ్‌ఫోన్లకే వినిపించావు,” అన్నాడు బుడిగితో. అది వాడి చెయ్యి వదిలి లోపలికి నడిచింది.

హాల్లో వేదిక మీద అసలు సెట్టు. ఎర్రటి డ్రమ్ములు, ఇత్తడి సింబళ్ళు. బుడిగికి ముందు ఒక కుర్రాడు వాయించాడు. అక్కడక్కడా తప్పాడు గానీ హాలంతా దద్దరిల్లింది. దాని అదురు కుర్చీలోంచి నా వెన్నుదాకా పాకింది.

తర్వాత బుడిగి కూర్చుంది. కర్రలు పట్టుకుంది. మొదలుపెట్టింది.

చేతులు చకచకా కదులుతున్నాయి. కాలు తొక్కుతోంది. నాకేమీ వినపడటం లేదు. కన్నబిడ్డ వాయించేది కూడా వినే యోగం లేకుండా చేసుకున్నానే అనుకున్నాను. పక్కకి వంగి, “ఎలా వాయిస్తోందే?” అని అడిగాను మా ఆవిణ్ణి.

తను నావైపు తిరగలేదు. కుర్చీలో ముందుకి వంగి కూర్చుంది. “ఉండండి. నాకూ వినపడటం లేదు,” అంది.

అప్పుడు హాలు చుట్టూ చూశాను. అందరూ ముందుకే వంగి ఉన్నారు. వెనక వరసలో ఒకాయన, మొదలుపెట్టిందా అని పక్కావిణ్ణి అడుగుతున్నాడు.

డ్రమ్ముల మాస్టారు వేదిక దగ్గరికి నడిచాడు. బుడిగి పక్కన నిలబడి, తలవంచి, చివరిదాకా విన్నాడు.

“ఒక్క దెబ్బ తప్పలేదు,” అన్నాడు. “ఇంత సరిగ్గా ఈ స్కూల్లో ఎవరూ వాయించలేదు. మళ్ళీ వాయించమ్మా. ఈసారి గట్టిగా.”

మళ్ళీ వాయించింది. కర్రలు పైకి లేచాయి. దిగేటప్పుడు సగంలోనే బరువు తగ్గిపోయి, పడుకున్న మనిషి మీద దుప్పటి కప్పినట్టు దిగాయి.

“ఇంట్లో ఎలా వాయిస్తావు?”

“కరెంటు సెట్టు సార్. వాల్యూమ్ నాబ్ పూర్తిగా తిప్పితే, ఊరికే తాకించినా చాలు, హెడ్‌ఫోన్లో గట్టిగానే వినపడుతుంది.”

“అలా ఎందుకమ్మా? అలాగైతే చేతికి బలం రాదుగా?”

బుడిగి కర్రలు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంటూ కూర్చుంది. దానికి తెలుసు. ఎప్పట్నించి తెలుసో నేను ఈరోజుకీ అడగలేదు. అన్న గది తలుపు సందులోంచి అదీ నాలాగే ఎప్పుడో చూసే ఉంటుంది.

“ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు,” అన్నాడు మాస్టారు, మంచి గొంతుతో. “ఒక్కసారి, నీ బలం కొద్దీ వాయించు.”

అది తలెత్తి నావైపు చూసింది. లేచి నిలబడి, కొట్టమ్మా, హాలు కూలిపోయేలా కొట్టు అని అరుద్దామని లేచాను కూడా. సెలవులు అయ్యేదాకా రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి మెల్లగా, మెల్లగా అన్న నోరు. ఆ నోటికి ఒక్క ముక్క రాలేదు. కూర్చున్నాను. బుడిగి మూడోసారి వాయించింది. మాస్టారు దాని తల నిమిరి, చెయ్యి పట్టుకుని వేదిక దింపాడు.

దద్దరిల్లేలా వాయించిన కుర్రాణ్ణి తీసుకున్నారు. అది సబబే. వాడు మంచివాడు, వెళ్తూ వెళ్తూ బుడిగితో, “నువ్వే బాగా వాయించావు, దగ్గర్లో కూర్చున్నా గనక నాకు వినపడింది,” అని చెప్పాడు.

బయటికి వచ్చాం. ఎండ చుర్రుమంటోంది. రోడ్డుకి అవతల షెల్టరులో పెద్దోడు నల్లకళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, తల ఒకవైపు వంచి, గేటు వైపే చెవిపెట్టి కూర్చున్నాడు. మమ్మల్ని చూసి గబగబా లేచాడు.

“ఏంటే, ఇంకా నీ వంతు రాలేదా? ఇందాక ఎవరో వాయించింది బాగానే వినపడింది. నువ్వు కాదని తెలిసిపోయింది, అన్నీ తప్పులే. నీ కోసమే చూస్తున్నాను.”

“అయిపోయిందన్నయ్యా,” అంది బుడిగి.

“అయిపోయిందా? ఎప్పుడు?” వాడు అయోమయంగా హాలు వైపు చూశాడు. “నాకు ఒక్క దెబ్బ వినపడలేదే. సరిగ్గానే వాయించావా?”

“వాయించాను. తప్పు పోలేదు.”

“మరి తీసుకున్నారా?”

బుడిగి తల అడ్డంగా ఊపింది. మా ఆవిడ దాని భుజం మీద చెయ్యేసి రోడ్డు వైపు తిరిగి నిలబడింది. పెద్దోడు చెల్లెల్ని చూశాడు. దాని చేతులు మళ్ళీ చంకల్లోకి పోయి ఉన్నాయి. వాడి ముఖంలో ఏదో మెల్లగా మొదలై, అర్థమయ్యే దాకా పోయి, ఆగింది. నావైపు తిరిగాడు.

“నువ్వు విన్నావా నాన్నా?”

“విన్నానురా,” అన్నాను. “చాలా బాగా వాయించింది.”